తోడు మండలి సిద్ధరాములు

సోలాపూర్‌లో అశోక్ చౌక్ నుంచి లోపలికి పోయే సందుల్లో ఎవరినైనా ఆపి తోడు మండలి ఎక్కడ అని అడగండి. తెలుగువాళ్లే కానక్కర్లేదు, మరాఠీవాళ్లు చెబుతారు, ఆటోవాళ్లయితే అడగకముందే తీసుకొచ్చి దింపుతారు. రక్తదానమైతేనేమి, కంటి శిబిరాలైతేనేమి, ఎండాకాలంలో చలివేంద్రాలైతేనేమి, బీడీ కార్మికుల పిల్లలకు పుస్తకాలైతేనేమి, కరోనా రోజుల్లో గడప గడపకూ అందిన అన్నం పొట్లాలైతేనేమి, మా మండలి చెయ్యి పెట్టని సేవ లేదు. పెద్ద పెద్దవాళ్లు ఇచ్చిన జ్ఞాపికలతో మా గదిలో ఒక గోడ నిండిపోయి, రెండో గోడ మొదలైంది. సిరిసిల్ల దగ్గర పల్లెటూరి బడిలో ఏడో తరగతి దాకా చదివిన నేను ఈ మండలికి మొదటి కార్యదర్శిని. పేరు లక్ష్మణ్, గల్లీకి లచ్చన్నను. గొప్ప చెప్పుకుంటున్నాడు ముసలాయన అనుకుంటే అనుకోండి. చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

అయితే ఈ గొప్పలన్నిటికీ మొదలు నేను కాదు. ఏముల సిద్ధరాములు.

అతని సంగతి రాయమని మండలి పిల్లలు అడిగారు. ఇప్పుడు మండలిని నడిపేది విశాల్, స్నేహ, వాళ్ల జట్టు. ఎక్కడో ఒక మనిషికి రక్తం కావాలని ఫోన్‌లో రెండు ముక్కలు పెడతారు, చాయ్ తాగేలోపు నలుగురు బండ్లు తీస్తారు. ఎవరికి, ఏ కులం, ఏ భాష అని అడిగేవాడు లేడు. అలాంటి ఒక్క మనిషి దొరకడం కోసం సిద్ధరాములు ఎన్ని గడపలు తొక్కాడో ఈ పిల్లలకు తెలియదు. తెలియాలని రాస్తున్నాను.

సిద్ధరాములుదీ మా ఊరే. మా నాన్నలిద్దరూ ఊళ్లో మగ్గం సాగక, ఒకే ఏడు పెళ్లాం పిల్లలను వెంటబెట్టుకుని సోలాపూర్ వచ్చారు. ఇక్కడికొచ్చాక అతను మళ్లీ బడి ముఖం చూడలేదు. నూలు కండెలు చుట్టడంతో మొదలుపెట్టి, మీసం వచ్చేసరికి టవళ్లు నేసే సాంచాల మీద నిలబడ్డాడు. కరెంటుతో నడిచే మగ్గాలను మేం సాంచాలంటాం. మనిషి పొట్టి. కనుబొమల మీద ఎప్పుడూ దూది నూగు. పొద్దున కడక్ భాకరి, అంటే ఎండిన జొన్నరొట్టె, విరిచి చాయ్‌లో ముంచుకుని తిన్నాడంటే ఇక మధ్యాహ్నం దాకా షెడ్డులోంచి బయటికి రాడు.

ఆ రోజుల్లో మా గల్లీని చూడాలి. ఇటు షెడ్లు, అటు షెడ్లు, మధ్యలో ఇళ్లు. టకటక టకటక అని భూమి అదిరేది. తాగే నీళ్ల గ్లాసులో నీళ్లు వణికేవి. ఆ మోతలోనే పిల్లలు నిద్రపోయేవారు, ముసలాళ్లు భజన చేసుకునేవారు. గడపల మీద ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవారు. తడిపిన తునికాకు వాసన, గంజి వాసన, ఎవరింట్లోనో పుంటికూర ఉడుకుతున్న వాసన కలిసి వచ్చేవి. ఇప్పుడు ఆ షెడ్లు చాలా మట్టుకు పోయి అంతస్తుల ఇళ్లు లేచాయి. ఆ మోతలో పెరిగినవాళ్లం కాబట్టి మేం పెదవులు చూసే మాట పట్టేసేవాళ్లం. సిద్ధరాములు మాత్రం పెదవులు కూడా సరిగ్గా కదిపేవాడు కాదు. ఏదైనా చెప్పాలంటే దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, చెవిలో ఒక్క ముక్క చెప్పి పోయేవాడు.

అతనికి ఒక్కతే చెల్లెలు, గంగమ్మ. మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. కాన్పయింది, బిడ్డ దక్కింది, తల్లికి మాత్రం రక్తం ఆగలేదు. రక్తం ఇచ్చేవాళ్లను తీసుకురమ్మని దవాఖానలో చెప్పారు. సిద్ధరాములు రక్తం ఆమెకు కలవలేదు, బావది కలవలేదు. అతను గల్లీకి పరుగెత్తుకొచ్చి షెడ్డు షెడ్డూ తిరిగాడు. నేను ఆ వారం ఊళ్లో లేను, తర్వాత విన్నాను. మోతలో అతని మాట వినపడకపోయినా పెదవులు చూసి అందరికీ అర్థమైంది. అర్థమయ్యే తలలు దించుకున్నారు. రక్తం తీస్తే చెయ్యి గుంజుతుందని, సాంచ మీద నిలబడలేరని, పోయిన రక్తం మళ్లీ పుట్టదని మావాళ్ల భయం. పక్కింటి గోదావరి మొగుడు మాత్రం చెప్పులు వేసుకున్నాడు. ఆమె వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"మర్దీ, ఏమనుకోకు. పిల్లలు చిన్నగున్నరు. ఈయనకేమన్నయితే మమ్ముల ఎవలు సూస్తరు?" అంది సిద్ధరాములుతో.

గంగమ్మ దక్కలేదు.

సిద్ధరాములు ఎవరితోనూ పోట్లాడలేదు. గోదావరి ఎదురుపడితే ఎప్పటిలాగే "మంచిదేనా వదినా" అనేవాడు. ఆమె ఏదో పని ఉన్నట్టు చాట సర్దుకునేది. అలా కొన్ని నెలలు గడిచాయి. ఒకనాడు అశోక్ చౌక్ చాయ్ దుకాణంలో నా భుజం మీద చెయ్యి పడింది.

"లచ్చన్నా, మనం ఒక క్లబ్బు పెట్టాలె."

"క్లబ్బా? ఏం జేస్తది క్లబ్బు?"

"మనోళ్ల రక్తం మనోళ్లకే కలుస్తదని లేదు. గంగమ్మకు మా ఇంట్ల ఒక్కరిది కలవలే. ఎవలో తెల్వనోళ్లది కలుస్తుండె. గట్ల తెల్వనోళ్లకు ఇచ్చేటోళ్లు మన గల్లీల పుట్టాలె. గంతే నాక్కావాల్సింది."

అతను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నేను అదే మొదలు వినడం. సరే అన్నాను.

క్లబ్బు పెడుతున్నామని తెలియగానే మొదట ఆడవాళ్లు నెత్తి కొట్టుకున్నారు. వాళ్లకు తెలిసిన క్లబ్బంటే పత్తాలు, అంటే పేకాట, ఆడే చోటు. "చెల్లె పోయిన దుఃఖంల పత్తాలకు దిగిండు పాపం" అని గోదావరి గడప మీద కూర్చుని జాలిపడిందట. మా ఇంట్లోనైతే నాకు రెండు రోజులు అన్నం పెట్టి పలకరించకుండా లోపలికి పోయేవారు. అందుకని క్లబ్బన్న మాట తీసేసి తోడు సేవా మండలి అని పెట్టాం. ఆ పేరు నేను పెట్టిందే. ఒక సేఠు పాడుబడిన చేమగ్గాల గది ఇచ్చాడు. మగ్గాల గుంటలు మట్టితో పూడ్చి, సున్నం వేసి, చాప పరిచి కూర్చున్నాం.

మొదటి ఏడు మేం చేసిన పనులు తక్కువవి కావు. చౌక్‌లో చలివేంద్రం పెట్టాం, కుండల మీద తడి గుడ్డలు మార్చడానికి వంతులు వేసుకున్నాం. చావు ఇంటికి, పెళ్లి ఇంటికి గిన్నెలు, చాపలు సమకూర్చాం. వానకు ఇల్లు కూలిన ఒక విధవరాలికి మేమే గోడ లేపాం, నేను స్వయంగా మట్టి తొక్కాను. గల్లీలో మాకు పేరొచ్చింది. కానీ మీటింగ్ ప్రతిసారీ చివర సిద్ధరాములు ఒకే మాట అడిగేవాడు: "మరి రక్తం సంగతేంది?" ఆ మాట వినపడగానే ఒకరికి షిఫ్టు గుర్తొచ్చేది, ఒకరికి ఇంట్లో చుట్టాలు గుర్తొచ్చేవారు. చాప మీద చాయ్ గ్లాసులు, మేమిద్దరమూ మిగిలేవాళ్లం.

రక్తం ఇచ్చినవాళ్లకు తలా ఒక టవల్ ఇద్దామని ఒకాయన ఉపాయం చెప్పాడు. సిద్ధరాములు ఒప్పుకోలేదు. "టవల్ కోసం వచ్చినోడు టవల్ తీస్కొని పోతడు. మల్ల రాడు" అన్నాడు.

చివరికి ఒక చలికాలం శిబిరం పెట్టాం. దీపాలి అని కొత్తగా చదువు పూర్తయిన మరాఠీ డాక్టరమ్మ, ఇద్దరు నర్సులు, ఒక పెద్ద పెట్టె నిండా సరంజామాతో వచ్చారు. నేను కొబ్బరికాయ కొట్టి, డాక్టరమ్మకు శాలువా కప్పి, చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. మా గదికి రెండు పక్కలా షెడ్లే కాబట్టి ఆ ఉపన్యాసం ఎవరికీ వినపడలేదు. మధ్యాహ్నం దాకా ఒక్క మనిషి రాలేదు. వచ్చిన ఒకే ఒక ముసలాయన కళ్లద్దాలు ఇక్కడే ఇస్తారా అని అడిగి వెళ్లిపోయాడు. మా సభ్యుల్లో ఒకరికి కడుపునొప్పి, ఒకరి మామ ఊరి నుంచి దిగాడు. నాకు అప్పటికే షుగరు ఉందని డాక్టరమ్మ నన్ను పక్కన పెట్టింది. ఆమె గడియారం చూసుకోవడం మొదలుపెట్టింది.

సిద్ధరాములు చొక్కా చేతులు మడిచి మంచమెక్కాడు. "నాదన్న తీస్కోండ్రి, ఊకెనే పంపితే ఎట్ల" అన్నాడు.

రక్తపోటు చూడబోయింది డాక్టరమ్మ. చెవుల్లో గొట్టాలు పెట్టుకుంది, తీసింది, మళ్లీ పెట్టుకుంది. గోడకు అవతల సాంచాలు దంచుతుంటే నాడి చప్పుడు ఎక్కడ వినపడుతుంది? "కాకా, జరా వేళ్ హే మాగ్ బంద్ కరా నా" అని నన్ను బతిమాలింది, కాసేపు ఈ మగ్గాలు ఆపించండి అని. నేను అవతలి షెడ్డుకు పోయి సేఠుకు సైగ చేశాను. పాపం మంచివాడు, వెంటనే స్విచ్ తీసేశాడు.

మా గల్లీల్లో ఒక ఆచారం ఉంది. ఇంట్లో మనిషి పోతే ఆ సందులో సాంచాలు ఆపుతారు, శవం లేచేదాకా తిప్పరు. పండుగకో సెలవుకో ఆగితే ముందే తెలుస్తుంది. పట్టపగలు, పని రోజు, ఉన్నట్టుండి ఆగాయంటే ఒకటే అర్థం. ఒక షెడ్డు ఆగిందని పక్క షెడ్డు ఆపేసింది. అది చూసి దాని పక్కది. అలా సందు నుంచి సందుకు నిశ్శబ్దం పాకిపోయింది. ఎన్నేళ్లుగానో వినని పిచ్చుకల అరుపు నాకు వినపడింది. డాక్టరమ్మ సంతోషంగా తన పని చూసుకుంది. సిద్ధరాములుకు సూది అంటే భయం. కళ్లు గట్టిగా మూసుకుని బిగుసుకుపోయి పడుకున్నాడు. చలిగా ఉందని నర్సు ఛాతీ దాకా తెల్ల దుప్పటి కప్పింది.

అంతలో గది బయట కాళ్ల చప్పుడు. ముందు పోచమ్మవ్వ వచ్చింది. మా గల్లీలో చావుకు ఏడుపెత్తేది ఆమే. గుమ్మంలోంచి మంచం చూసింది, దుప్పటి చూసింది, మూసిన కళ్లు చూసింది.

"ఓ కొడుకా సిద్ధిరాములూ! పొద్దుగాల నా ముంగట్నుంచే పోతివి గదరా! నీ సాంచ ఎవలకిచ్చి పోతివిరా!"

ఆమె వెనక గోదావరి, గోదావరి వెనక గల్లీ మొత్తం. కొప్పులు విప్పుకుంటూ ఆడవాళ్లు, భుజాల మీద టవళ్లతో మగవాళ్లు. ఎవరో అప్పటికే పూలదండ తెచ్చారు. గోదావరి గుండెలు బాదుకుంటూ "చెల్లె ఎనకనే పోతివా మర్దీ" అని మంచం కోడు పట్టుకుని కూలబడింది.

సిద్ధరాములు కళ్లు తెరిచాడు. చుట్టూ చూశాడు. కంగారుగా అడిగాడు.

"ఏందవ్వా, ఎవలు వోయిండ్రు?"

పోచమ్మవ్వ ఏడుపు గొంతులోనే ఆగిపోయింది. నర్సు కిసుక్కుమంది. తర్వాత లేచిన రభస చెప్పడానికి వీల్లేదు.

"నీ పాడుగాను! పండుకున్నోడివి కన్నులన్న తెరిసి పండుకోవా?" అని పోచమ్మవ్వ.

"ఊకె పిలిస్తె ఎవలూ వస్తలేరని గిట్ల సచ్చి పిలుస్తున్నవా మర్దీ?" అని గోదావరి కళ్లు తుడుచుకుంటూనే అందుకుంది. "మీ క్లబ్బుల గిదొక కొత్త ఆటనా?"

"ఆట గాదు వదినా, సాంచాల మోతకు డాక్టరమ్మకు నాడి ఇనపడ్తలేదు, అందుకే బంద్ చేయించినం" అని నేను అడ్డుపడ్డాను.

"అయితే గీ దండ ఏం జెయ్యాలె?" అన్నాడు దండ తెచ్చినాయన.

దాన్ని తీసి డాక్టరమ్మ మెడలో వేశాం. ఆమెకు ఏం అర్థమైందో ఏమో, చేతులు జోడించింది.

అప్పుడు అసలు చిక్కు వచ్చింది. చావు ఇంటికి పోయినవాళ్లు తలస్నానం చేయకుండా సాంచను ముట్టుకోరు. బీడీల చాటా ముట్టరు. ఇప్పుడు స్నానం చేయాలా వద్దా? పెద్దమనుషులు గదిలోనే నిలబడి వాదించుకున్నారు. చావు లేదు కదా అని కొందరు, ఆచారం ఆచారమే అని కొందరు. చివరికి పోచమ్మవ్వే తీర్పు చెప్పింది: "సావు లేదు గాని ఏడుపైతే అయింది గదా. ఏడ్సినంక తానమే."

అందరూ సరేనన్నారు. కానీ నీళ్లేవి? సోలాపూర్ నల్లా సంగతి తెలియనిది ఎవరికి? అది రోజు విడిచి రోజు వస్తుంది, ఆ రోజు సాయంత్రం వచ్చే వంతు. అంతదాకా ఇంట్లోకి పోలేరు, షెడ్డులోకి పోలేరు. గల్లీకి గల్లీ పని లేకుండా మా గది ముందు నిలబడిపోయింది. అప్పుడు సిద్ధరాములు మంచం మీద నుంచే అన్నాడు:

"నల్లా వచ్చేదాంక ఊకె నిలవడి ఏం జేస్తరు? వచ్చి పండుకోండ్రి. నాకేమైందో సూస్తున్నరు గదా. సచ్చి లేసినోణ్ణి, మంచిగనే ఉన్న."

గోదావరి మొగుడు ముందుకొచ్చాడు. ఈసారి ఆమె చెయ్యి పట్టలేదు. ఆయన పడుకున్నాడు, లేచాడు, పిడికిలి బిగించి చూసుకున్నాడు, ‘ఏంగాలే’ అన్నాడు. తర్వాత అతని షెడ్డు వాళ్లు, ఆ తర్వాత అవతలి సందువాళ్లు. పేర్లు రాసుకోవడానికి నా చెయ్యి చాలలేదు. సాయంత్రం నల్లా వచ్చేసరికి డాక్టరమ్మ తెచ్చిన సంచులన్నీ నిండిపోయాయి. మా మండలి చరిత్రలో అది మొదటి శిబిరం. ఆ ఏడు ఊరి మొత్తంలో ఒక గల్లీ నుంచి అంత రక్తం వచ్చింది మా దగ్గరే అని డాక్టరమ్మ తర్వాత మాకు ఉత్తరం కూడా రాసింది.

ఆడవాళ్లలో ముందు మంచమెక్కింది గోదావరే. "మగోళ్లదేనా రక్తం? మాది గాదా?" అని చెయ్యి చాపింది. నర్సు వేలు పొడిచి ఒక చుక్క తీసి, గాజు గ్లాసులోని నీలం రంగు నీళ్లలో వదిలింది. చుక్క పైనే తేలింది.

"తేలితె మంచిదా, మునిగితె మంచిదా?" అంది గోదావరి.

మునగాలట. తేలిందంటే రక్తం పల్చబడిందని, ఇవ్వడానికి పనికిరాదని డాక్టరమ్మ చెప్పింది. గోదావరి ముఖం చూడాలి. గల్లీలో ఆమె మాటకు ఎదురుండదు, అలాంటిదాన్ని ఒక చుక్క తిరగ్గొట్టింది. తర్వాత పడుకున్న బీడీ ఆడవాళ్లవీ ఒక్కొక్కటే తేలాయి. పొద్దంతా వంగి చాట ముందు కూర్చునేవాళ్లు, అందరూ తిన్నాక మిగిలింది తినేవాళ్లు, వాళ్లకు రక్తం ఎక్కడ ఉంటుంది? ఆ సంగతి మాకు ఆ నీలం నీళ్ల దగ్గరే తెలిసింది.

వేలు పొడిచినప్పుడు గ్రూపు కూడా చూశారు. గోదావరిది అందరికీ దొరకని గ్రూపని డాక్టరమ్మ అంది. "దొరకనిదైతే ఏం లాభం, పనికిరాకపాయె" అని ఆమె విసురుగా దిగి పోయింది.

అందరం సంబరపడుతుంటే సిద్ధరాములు ఒక్కడే చాప మీద దిగాలుగా కూర్చున్నాడు. ఏమైందని అడిగాను.

"గల్లీల సావైందనుకొని వచ్చిండ్రు, మనోడు గదా అని ఇచ్చిండ్రు. మంచిదే. తెల్వనోళ్లకు ఇస్తరా, లచ్చన్నా? గా సంగతి తేలలే ఇంకా."

నేను పేర్ల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆ తర్వాతి నెలల్లో మండలి చేసిన గొప్ప పని బీడీ ఆడవాళ్లకు రక్తం పట్టే గోళీలు ఇప్పించడం. డాక్టరమ్మ వారం వారం వచ్చేది. పల్లీలు, బెల్లం, పుంటికూర, పాలకూర తినమని చెప్పేది. గోదావరి పట్టు పట్టి తిన్నది. వంట అయ్యాక తన పళ్లెం ముందు పెట్టుకుంటోందని ఆమె మొగుడు మా దగ్గర ఆశ్చర్యపోయాడు. వేలు పొడిపించుకోవడానికి పోయి వస్తే గల్లీ మొత్తం గడపల మీంచే అడిగేది.

"మునిగిందా, గోదావరీ?"

"లేదే. సగం దాంక పోయి మల్ల లేసింది, ముండది!"

ఒకనాడు చౌక్ దగ్గర్నుంచే కేక వేసుకుంటూ వచ్చింది: "మునిగిందే! రాయి లెక్క మునిగింది!" ఇంటింటికీ బెల్లం ముక్క పంచింది. సిద్ధరాములు ఆమె దగ్గరికి పోయి, మరి ఎవరికైనా అవసరం పడితే ఇస్తావా వదినా అని అడిగాడు. ఆమె నవ్వింది.

"గిప్పుడిప్పుడే నా రక్తం నాకు దొరికింది మర్దీ, గప్పుడే అడుగుతున్నవా? మనోళ్లకైతే సూద్దాం. బయటోళ్లకు నేనెందుకిస్త?"

అతను బెల్లం ముక్క నోట్లో వేసుకుని షెడ్డుకు పోయాడు.

వానాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం ముసురు పట్టి ఉంది. కిరాణా దుకాణానికి ఫోన్ వచ్చిందని పిలిస్తే నేనూ సిద్ధరాములూ పోయాం. దీపాలి డాక్టరమ్మే. హోట్గి రోడ్ వైపు కట్టే ఇళ్ల దగ్గర పనిచేసే ఒక కన్నడ ఆడమనిషి కాన్పుకు వచ్చిందట. రక్తం పోతోంది. ఆమెకు కావలసింది గోదావరి గ్రూపే. ఆ గ్రూపు మనిషి మా దగ్గర ఇంకొకరు ఉన్నారు, కానీ అతను పెళ్లికి తెలంగాణ పోయాడు.

ఫోన్ పెట్టేసిన సిద్ధరాములు ముఖం చూస్తే నాకు భయం వేసింది. తడుస్తూనే గోదావరి ఇంటి ముందుకు పోయాం. ఆమె చాట ఒళ్లో పెట్టుకుని చుట్టుతోంది. పోచమ్మవ్వ, ఇంకో ఇద్దరు చుట్టూ కూర్చున్నారు. సిద్ధరాములు గుమ్మంలో నిలబడ్డాడు. చెవిలో చెప్పే మనిషి ఆనాడు అందరికీ వినపడేలా చెప్పాడు.

"వదినా, ఒకామెకు రక్తం గావాలె. కాన్పైంది. నీ గ్రూపు."

గోదావరి చేతులు ఆగాయి. "ఎవలామె?"

"తెల్వది."

"మనోళ్లా?"

"కాదు. కన్నడోళ్లు. పేరు గూడ తెల్వది నాకు."

లోపల్నుంచి ఆమె మొగుడు వచ్చాడు. "వద్దు. గిప్పుడిప్పుడే లేసినవ్. నీకేమన్నయితే పిల్లలనెవలు సూస్తరు?" అన్నాడు.

గోదావరి మొగుడి వైపు చూసింది. తర్వాత సిద్ధరాములు వైపు చూసింది. అతను బతిమాలలేదు. చూరు నుంచి పడే నీళ్లు అతని భుజం మీద పడుతున్నాయి, పక్కకు కూడా జరగలేదు. ఆమె తల దించుకుని చాటలోని ఆకు కదిలించింది.

"ఆకు తడిపి కత్తిరించి పెట్టిన. ఎండితే ఇరుగుతది. రేపు కార్ఖానాల ఏం జూపియ్యాలె?" అంది. ఆ మాట ఎవరితో అన్నదో తెలియదు.

పోచమ్మవ్వ చెయ్యి చాపి ఆమె ఒళ్లోంచి చాట లాక్కుంది. కత్తిరించిన ఆకును మూడు కుప్పలు చేసి, ఒకటి తన చాటలో వేసుకుని, రెండు పక్కవాళ్ల చాటల్లో పోసింది.

"మా రక్తం ఇంక తేలుతనే ఉన్నది. చేతులైతే ఉన్నయి గదా. నీ బీడీలు మేం చేస్తం. పో, లేవు" అంది.

గోదావరి లేచింది. చీర మీది తంబాకు పొడి దులుపుకుంది. మొగుడితో "బియ్యం కడిగి పెట్టు, వస్త" అని చెప్పి మేం పిలిచిన ఆటోలో కూర్చుంది. దారి పొడుగునా బయటి వానే చూసింది. హార్న్ కొట్టే ఆటోవాణ్ణి మాత్రం ఒకసారి తిట్టింది.

దవాఖానలో ఆమెను లోపలికి తీసుకుపోయారు. మేం బయట బెంచీ మీద కూర్చున్నాం. సిద్ధరాములు చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని నేల చూస్తున్నాడు. గంగమ్మనూ ఇలాంటి బెంచీ ఎదురుగానే పోగొట్టుకున్నాడు. కొంతసేపటికి గోదావరి మోచేతి దగ్గర దూది అదుముకుని వచ్చి మా మధ్య కూర్చుంది. నర్సు ఇచ్చిన బిస్కట్టు చాయ్‌లో ముంచుకుంటూ, "ఎవలకు వోయిందో సూద్దామంటే సూడనియ్యరట" అని నాతో గొణిగింది.

బెంచీకి ఆ చివర ఒక ముసలావిడ కూర్చుని ఉంది. చీర తడిసి వంటికి అంటుకుంది, కాళ్లకు సిమెంటు మరకలు. లోపల ఉన్నది ఆమె కోడలే అని మాకు అర్థమైంది. గోదావరి చేతి మీది దూదిని ఆమె చూసిందో లేదో తెలియదు. మనసు నిలవక పలకరించినట్టు ఉంది, వచ్చీరాని మరాఠీలో అడిగింది.

"తుమ్చా కోణ్ ఆహే ఆత్?" మీవాళ్లు ఎవరున్నారు లోపల అని.

గోదావరి చాయ్ గ్లాసు పక్కన పెట్టింది. లోపలి తలుపు వైపు చూసింది.

"బహీణ్" అంది. చెల్లెలు అని.

ముసలావిడ తల ఊపి, జరిగి వచ్చి ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. గోదావరి తీయలేదు. ఇద్దరూ అలాగే తలుపు చూస్తూ కూర్చున్నారు.

సిద్ధరాములు లేచి వరండాలోకి పోయాడు. నేను కాసేపు ఆగి వెనకే పోయాను. వాన వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు. నేను రాగానే కండువాతో ముఖం తుడుచుకుని, నా భుజం మీద చెయ్యి వేసి చెవి దగ్గరికి వంగాడు.

"ఇగ మండలి నడుస్తది, లచ్చన్నా" అన్నాడు.

ఆ ఆడమనిషి బతికిందనీ, బిడ్డను ఎత్తుకుని ఊరికి పోయిందనీ డాక్టరమ్మ తర్వాత చెప్పింది. పేరేమిటో కనుక్కుని మండలి రికార్డులో రాద్దామని నేను అన్నాను. సిద్ధరాములు వద్దన్నాడు, అడగనివ్వలేదు.